చనిపోయినవారి పేరున మన భూములు
(భావనపాడులో జరిగిన రైతు సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, ఎరువుల గురించి, వంశధార నీటి గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. ఇంటి యజమాని పోయాక ఆయన పేరున ఉన్న భూమి, బ్యాంకు డబ్బు, అప్పు, చిన్నపిల్లల వాటా ఎవరికి ఎలా చేరాలి? చట్టం ఏం చెబుతోంది? డబ్బు ఖర్చు లేకుండా న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుంది? ఇదీ ఈ రోజు నా మాట. నేను వకీలును కాను. హైస్కూలు చదువుతో ఆగినవాణ్ని. ఎమ్మార్వో ఆఫీసులకూ కోర్టు వరండాలకూ మీలాంటివారితో కలిసి తిరిగి, అడిగి, చదివించుకొని తెలుసుకున్నది చెబుతాను.

మన ఊళ్లలో జిరాయితీ భూముల పాసు పుస్తకాలు తీసి చూడండి. ఎన్నింటిలో తాతల పేర్లు, ముత్తాతల పేర్లు ఉన్నాయో మీకే తెలుసు. దున్నేది మనమడు, శిస్తు కట్టింది కొడుకు, కాగితం మీద ఉన్నది ఎప్పుడో పోయిన మనిషి. "మాది మాకు తెలీదేటి, ఊరందరికీ తెలుసు" అంటాం. ఊరికి తెలుసు, నిజమే. కంప్యూటరుకు తెలియదు. ఆఫీసరు మారితే కొత్త ఆఫీసరుకు తెలియదు. పోర్టుకు భూమి తీసుకునేవాడికి అసలే తెలియదు.

దెబ్బ ఎక్కడ తగులుతోంది

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తర్వాత నష్టపరిహారం జాబితాలు రాసినప్పుడు జరిగింది గుర్తు చేసుకోండి. పడిపోయిన చెట్టు దగ్గర నిలబడి ఏడుస్తున్నవాడు ఒకడు, రికార్డులో పేరు ఇంకొకడిది, ఆ ఇంకొకడు ఎప్పుడో కాలం చేశాడు. అన్నదమ్ములు ముగ్గురూ ముగ్గురే మాకు రాయండి అన్నారు. అలాంటి చోట జాబితా రాసేవాడు ముందు పక్క గట్టుకు పోతాడు.

ఏటా ఆరు వేలు ఇచ్చే పీఎం కిసాన్ పథకానికి 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో భూమి ఉండాలన్న నిబంధన పెట్టారు. ఆ తేదీ తర్వాత కొనుక్కున్నవారికి రాదు. కానీ యజమాని చనిపోయి వారసత్వంగా భూమి వచ్చినవారికి ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక, పేరు మార్పించుకోక, తండ్రితోపాటు పథకం కూడా పోయిందని ఊరుకున్న ఇళ్లు ఉన్నాయి. ఈ-పంట నమోదుకు, ధాన్యం అమ్మకానికి, పంట రుణానికి, అన్నదాత సుఖీభవకు అన్నిటికీ మొదట అడిగేది ఒకటే: భూమి ఎవరి పేరున ఉంది? రీసర్వే జరిగిన ఊళ్లలో ఇంకో చిక్కు. పేర్లు విడగొట్టుకోని భూములు ఉమ్మడి ఎల్పీఎం నంబరు కింద పడ్డాయి. ఒక్కరు సంతకం పెట్టకపోతే అందరి పనీ ఆగిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ భూసేకరణలో తగులుతుంది. దాని గురించి చివర్లో చెబుతాను. ముందు ఎవరికి ఎంత వాటా అన్నది తేల్చుకుందాం. అది తేలకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

ఎవరికి ఎంత

ఒక లెక్క చూద్దాం. ఒక పెద్దాయన తన కష్టంతో కొన్న భూమి 4 ఎకరాల 50 సెంట్లు. వీలునామా రాయకుండా పోయారు. భార్య ఉంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. పెద్దకొడుకు తండ్రికన్నా ముందే కిడ్నీ జబ్బుతో పోయాడు. అతనికి భార్య, ఒక చిన్న కొడుకు, ఒక చిన్న కూతురు ఉన్నారు. ఉద్దానంలో ఇలాంటి ఇల్లు లేని ఊరు ఉందా? పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అంతకుముందే ఎన్ని ఇళ్లలో నడివయసు మగవాళ్లు పోయారో మీకు చెప్పక్కర్లేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ భూమి ఐదు వాటాలు. భార్యకు ఒకటి, బతికున్న కొడుకుకు ఒకటి, కూతుళ్లకు చెరొకటి, చనిపోయిన పెద్దకొడుకు ఇంటికి ఒకటి. వాటాకు 90 సెంట్లు. పెద్దకొడుకు ఇంటికి వచ్చిన 90 సెంట్లలో అతని భార్యకు 30, కొడుక్కి 30, కూతురికి 30. ఆ పెద్దాయన కన్నతల్లి బతికే ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. అప్పుడు ఐదు కాదు, ఆరు వాటాలు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగేది చూడండి. రెండో కొడుకు ఎమ్మార్వో ఆఫీసుకు పోతాడు. మొత్తం నాలుగున్నర ఎకరాలూ తన పేరున రాయించుకోవాలని చూస్తాడు. అప్పలకు పెళ్లిళ్లు చేశాం కదా అంటాడు. వదినకు పుట్టిల్లు ఉంది కదా అంటాడు. అమ్మ నా దగ్గరే తింటోంది కదా అంటాడు. అతనికి దురాలోచన ఉందని నేను అనను. చాలామంది అదే న్యాయం అనుకుంటున్నారు. కానీ చట్టం ప్రకారం అతనిది 90 సెంట్లే. మిగతా మూడు ఎకరాల 60 సెంట్లు ఆరుగురివి. ఆ ఆరుగురిలో ఐదుగురు ఆడవాళ్లు, మిగిలినవాడు చిన్నపిల్లవాడు.

మళ్లీ పెళ్లి చేసుకుంటే కోడలి వాటా పోతుందా అని కొందరు అడుగుతారు. పోదు. ఒకసారి ఆమెకు చేరిన వాటా ఆమెదే. ఆడమనిషికి వచ్చిన ఆస్తి పూర్తిగా ఆమె సొంతమని అదే చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది.

క్రైస్తవ కుటుంబాలకు, ముస్లిం కుటుంబాలకు లెక్కలు వేరు. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. మెళియాపుట్టి, పాతపట్నం వైపు నుంచి వచ్చిన సవర, జాతాపు సోదరులు నేను చెప్పిన వాటాల లెక్కను తమ లెక్కగా తీసుకోవద్దు. న్యాయ సహాయం గురించి చెప్పేది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఆడపిల్లకు మళ్లీ వాటా ఏమిటి?

ఈ మాట ఎక్కడికి వెళ్లినా వస్తుంది. "కట్నం ఇచ్చాం, సారె పెట్టాం, మళ్లీ భూమేటి?" కట్నం తీసుకోవడమే నేరమని 1961 నుంచి చట్టం ఉంది. నేరంగా ఇచ్చిన డబ్బును వాటా కింద చెల్లు రాసుకోవడం ఏ చట్టంలోనూ లేదు.

పిత్రార్జితంలో కూడా కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. మన రాష్ట్రం ఇందులో దేశంకన్నా ముందు నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు అది హక్కు ఇచ్చింది. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అని చాలా కాలం తగువు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఆ హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ రోజు బతికి ఉండాల్సిన పని లేదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను ఇది కదపదు.

ఆడపిల్ల తనంతట తాను అన్నదమ్ములకు వదిలేస్తానంటే అది ఆమె ఇష్టం. దానికి రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. కర్మ రోజున తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం పద్ధతి కాదు. అక్కలారా, చెల్లెళ్లారా, ఏడుపులో ఉన్నప్పుడు ఎవరు ఏ కాగితం తెచ్చినా వేలు పెట్టకండి. నెల పోయాక పెడతాను అనండి. నిజంగా మీ మేలు కోరినవాడు నెల ఆగుతాడు.

1940లో మందస జమీందారీ మీద జరిగిన రైతు పోరాటంలో ప్రాణమిచ్చిన వీర గున్నమ్మ మన జిల్లా ఆడబిడ్డే. భూమి కోసం పోరాడమని ఆడవాళ్లను పిలిచే సంఘం, ఆ భూమిలో వాటా అడిగినప్పుడు మొహం తిప్పుకోకూడదు.

చిన్నపిల్లల భూమి

మన లెక్కలో పెద్దకొడుకు ఇంటికి మళ్లీ వద్దాం. కొడుక్కి 30 సెంట్లు, కూతురికి 30 సెంట్లు. ఇద్దరూ మైనర్లు. తండ్రి పోయాక తల్లే వారికి సహజ సంరక్షకురాలు. దానికి ఏ కోర్టు కాగితమూ అక్కర్లేదు. భూమి సాగు చేయించవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, ఆ డబ్బుతో పిల్లల్ని చదివించవచ్చు. కానీ పిల్లల వాటాను అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, ఐదేళ్లు దాటే కౌలుకు రాయాలన్నా ముందుగా జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ఇది చెబుతోంది. పిల్లల వైద్యానికో చదువుకో నిజంగా అవసరమని, పిల్లల మేలు కోసమేనని కోర్టుకు నచ్చితే అనుమతి ఇస్తుంది. వచ్చిన డబ్బు పిల్లల పేరున బ్యాంకులో వేయమని చెప్పవచ్చు.

అనుమతి లేకుండా అమ్మితే? ఆ పిల్లవాడు పద్దెనిమిది నిండాక మూడేళ్ల లోపు, అంటే ఇరవై ఒకటి వచ్చేలోగా, ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. కొనేవారు కూడా ఇది వినాలి. చవగ్గా వస్తోందని మైనరు భూమి కొంటే పదేళ్ల తర్వాత ఆ తగువు మీ గడపలోకే వస్తుంది. ఉమ్మడి కుటుంబం భూమిని ఇంటి పెద్ద అమ్మేటప్పుడు నిబంధన కొంత వేరుగా ఉంటుంది. అలాంటిది ఉంటే వకీలును అడిగాకే అడుగు వేయండి.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే? అమ్మమ్మో, చిన్నాన్నో, మేనమామో పిల్లల్ని పెంచుతారు. పెంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ పెంచినంత మాత్రాన ఆ పిల్లల భూమి మీద సంతకం పెట్టే అధికారం రాదు. దానికి 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టి సంరక్షకుడిగా నియామకం తెచ్చుకోవాలి. ఆస్తి వివరాల జాబితా, జమాఖర్చు కోర్టు అడిగినప్పుడు చూపాలి. తల్లిదండ్రులు తమ తర్వాత పిల్లల్ని ఎవరు చూడాలన్నది వీలునామాలో రాసిపెట్టవచ్చు కూడా. మతి స్థిమితం లేని పెద్ద పిల్లలున్న ఇళ్లకు ఇంకో దారి ఉంది. ఎదుగుదల లేని బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. పద్దెనిమిది దాటినా వారికి ఈ అవసరం తీరదు కదా.

పర్లాకిమిడి జమీందారీ వారసుడు మైనరుగా ఉన్న రోజుల్లో ఆ ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పేరుతో ప్రభుత్వమే చూసుకుంది. పిల్లవాడు పెద్దవాడయ్యాక లెక్కతో సహా అప్పగించింది. జమీందారు బిడ్డకు కావలి కాసే చట్టం అడక్కుండానే వచ్చింది. రైతు బిడ్డ 30 సెంట్లకు కూడా చట్టం కావలి ఉంది. కాకపోతే మనం వెళ్లి అడగాలి.

సముద్రంలో పోయినవారు

ఇది భావనపాడు కాబట్టి ఈ మాట విడిగా చెప్పాలి. వేటకు పోయిన మనిషి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. మరణ ధ్రువపత్రం ఇవ్వరు. అది లేనిదే భూమి మారదు, బీమా రాదు, పింఛను రాదు. ఆ ఇంటి ఆడమనిషి బొట్టు తీయాలో ఉంచుకోవాలో తెలియక ఏళ్లు గడుపుతుంది.

మొదటి పని, ఆ రోజే మెరైన్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోవాలి. మత్స్యశాఖకు కూడా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. పడవలో ఉన్న మిగతావారి వాంగ్మూలం రికార్డు కావాలి. గుజరాత్ వెరావల్ పోయి అక్కడి బోటులో పనిచేస్తూ గల్లంతైతే అక్కడి పోలీసు కాగితం, బోటు యజమాని రాసిచ్చిన కాగితం తెప్పించుకోవాలి. ఏడేళ్లపాటు ఆ మనిషి జాడ తెలియాల్సినవారికెవరికీ తెలియకపోతే, చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతోంది. సివిల్ కోర్టులో ప్రకటన కోరుతూ దావా వేస్తే, ఆ డిక్రీతో మరణ నమోదు జరుగుతుంది. పడవ మునగడం చూసిన సాక్షులుంటే ఏడేళ్లు ఆగకుండానే మరణాన్ని రుజువు చేయడానికి వీలుంది. అందుకే మొదటి వారంలో పుట్టే కాగితాలు అంత ముఖ్యం. ఏడేళ్ల తర్వాత సాక్షులు దొరకరు.

ఏ కాగితం దేనికి

ఇక్కడే దళారులు మనల్ని తిప్పి తిప్పి డబ్బు గుంజుతారు. కాబట్టి ఒక్కొక్కటీ విడిగా చెబుతాను.

మొదటిది మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే ఆర్డీవో వంటి మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. తాతల మరణాలు నమోదు కానివారు ఈ దారిన పోవాలి. ఆలస్యమైందని వదిలేయాల్సిన పని లేదు.

రెండోది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అది చెబుతుంది. ఆస్తి ఎవరిదో అది తేల్చదు. ఇందులో ఆడపిల్లల పేర్లు, చనిపోయిన కొడుకు పిల్లల పేర్లు రాయించకుండా వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. తగువంతా అక్కడే మొదలవుతుంది.

మూడోది మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం భూమి మీద హక్కు వచ్చినవారు 90 రోజుల్లో తహసీల్దారుకు తెలియజేయాలి. విచారణ చేసి, అభ్యంతరాలు పిలిచి, వన్ బి లోనూ అడంగల్ లోనూ పేర్లు మారుస్తారు. మీకు తెలియకుండా మీ వాటా వేరేవారి పేరున ఎక్కితే, ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో టెక్కలి ఆర్డీవోకు అప్పీలు చేయవచ్చు. అక్కడ న్యాయం దొరకకపోతే పైన రివిజన్ ఉంది. ఇంకో మాట మరవకండి. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదు. హక్కు తగువు తేల్చేది సివిల్ కోర్టు. కాబట్టి తమ్ముడి పేరున పాసు పుస్తకం వచ్చేసింది, ఇంకేముంది అని అప్ప కుంగిపోనక్కర్లేదు.

నాలుగోది వారసత్వ ధ్రువపత్రం. దీన్నే కోర్టువారు సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. ఇది బ్యాంకు డిపాజిట్లు, రావాల్సిన బాకీలు, షేర్లు వంటి వాటికి. భూమికి ఇది అక్కర్లేదు. భూమికి కూడా కావాలని చెప్పి కోర్టు ఖర్చుల పేరున ఎవరైనా డబ్బడిగితే, ఏ చట్టం ప్రకారమో రాసివ్వమనండి.

ఐదోది వీలునామా. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. తప్పనిసరి అయింది ఒకటుంది: ఇద్దరు సాక్షులు. రాసిన మనిషి సంతకమో వేలిముద్రో వేయడం వారు చూడాలి, వారు ఆయన ఎదుట సంతకాలు పెట్టాలి. వయసులో చిన్నవారిని, ఊళ్లోనే ఉండేవారిని, ఆస్తితో సంబంధం లేనివారిని సాక్షులుగా పెట్టుకోండి. రేపు తగువు వస్తే కోర్టుకు వచ్చి చెప్పాల్సింది వాళ్లే. తన వాటాకే వీలునామా రాయగలరు, ఇతరుల వాటాకు కాదు. ఇక ప్రొబేట్ అన్న మాట. వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయించుకోవడం అది. పాత కాలంలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల ఆస్తులకు ఆ నిబంధన పెట్టారు. మన శ్రీకాకుళం జిల్లా భూమికి ప్రొబేట్ తప్పనిసరి కాదు. వీలునామా మీద ఎవరైనా తగువు పెడితే మాత్రం సివిల్ కోర్టులో రుజువు చేయాలి.

ఆరోది నామినీ. బ్యాంకు ఖాతాకు నామినీగా పేరున్నవారు డబ్బు తీసుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బు వారసులందరిదీ. నామినీ నేనే కాబట్టి మొత్తం నాదే అంటే చెల్లదు.

అప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తండ్రి సొసైటీలోనో బ్యాంకులోనో చేసిన అప్పు, ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే వారసులను అడగవచ్చు. తండ్రి అప్పు కొడుకు పుణ్యం కోసం తీర్చాలన్న పాత నియమాన్ని 2005 సవరణ తీసేసింది. మీరు పూచీకత్తు సంతకం పెట్టి ఉంటే అది వేరు. అప్పు ఉందని భయపడి భూమి పేరు మార్పించుకోకుండా కూర్చోవద్దు. తండ్రి ఖాతాలో ఏటా 20 రూపాయలు, 436 రూపాయలు కోసే బీమాలు ఉన్నాయేమో కూడా పాసుబుక్కులో చూడండి. మొదటిది ప్రమాద మరణానికి, రెండోది ఏ కారణంతో పోయినా, చెరొక రెండు లక్షలు ఇస్తాయి. అడగనివారికి అవి రావు.

పోర్టు సొమ్ము ఎవరిది

ఇప్పుడు చివర్లో చెబుతానన్న మాట. భావనపాడు పోర్టని మొదలైనది మూలపేట పోర్టు అయింది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు వచ్చాక రోడ్డు, రైలు, పరిశ్రమ అంటూ భూమి అడగడం ఆగదు. భూమి ఇవ్వాలా వద్దా అన్నది సంఘం వేరే తీర్మానంలో చర్చిస్తుంది. నేను చెప్పేది, తీసుకున్న చోట ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందన్నది.

2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం మొదటి నోటిఫికేషన్ వచ్చాక రెండు నెలల్లో భూ రికార్డులు సరిచేయాల్సిన బాధ్యత కలెక్టరుది. మనం వారసుల జాబితా పట్టుకుని వెళ్లాల్సిన సమయం అదే. పట్టాదారు చనిపోయి ఉంటే ఆయన వారసులందరూ ఆసక్తిగల వ్యక్తులే. భార్య, కూతుళ్లు, చనిపోయిన కొడుకు పిల్లలు, అందరూ క్లెయిము వేయవచ్చు. ఎవరికి ఎంత అన్న తగువు ఉంటే కలెక్టరు ఆ డబ్బును చట్టం పెట్టిన అథారిటీ దగ్గర జమ చేస్తారు. అప్పుడు దాన్ని ఒక్కడే తీసుకుపోలేడు. మైనర్ల వాటాను భద్రంగా పెట్టుబడి పెట్టే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. పరిహారం చాలదనుకుంటే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి తీసుకోండి. అలా రాయకుండా తీసుకుంటే తర్వాత ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు ఇచ్చినప్పుడు అక్కడే ఉన్నవారికి అడగడానికి గడువు ఆరు వారాలే.

పునరావాసంలో కుటుంబం అంటే ఎవరో కూడా ఆ చట్టమే చెప్పింది. పద్దెనిమిది నిండిన ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, విడి కుటుంబం. భర్త పోయిన ఆడమనిషి, భర్త వదిలేసిన ఆడమనిషి విడి కుటుంబం. ఈ వాక్యం తెలియక మామ కార్డులో కోడలిని కలిపి రాయించుకుంటే ఒక ఇంటి సాయం పోయినట్టే.

పరిహారంలో ఇంత శాతం నాకు ఇస్తే కేసు గెలిపిస్తానని చెప్పే వకీళ్లు కొందరు ఉంటారు. గెలిస్తే వాటా అన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ఫీజు ఎంతో ముందే అడగండి, రసీదు తీసుకోండి.

ఉచితంగా వకీలు

అసలు ఫీజే లేకుండా వకీలు దొరికే దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తుపాను వరదల వంటి విపత్తు బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. మన లెక్కలో మూడు ఎకరాల 60 సెంట్ల హక్కుదారులు ఎవరు? ఐదుగురు ఆడవాళ్లు, ఒక చిన్నపిల్లవాడు. ఆరుగురికీ ఉచిత వకీలు హక్కు. వకీలు ఖర్చు, కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. అలా కేటాయించిన వకీలు మిమ్మల్ని పైసా అడగకూడదు. అడిగితే ఫిర్యాదు చేయండి.

వెళ్లాల్సింది టెక్కలి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీకి, లేదా శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే అక్కడివారే రాసుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాట్లాడుకునే స్థితిలో ఉంటే కోర్టుకు పోకముందే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. అక్కడ రాసిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టాలి. మైనర్లు ఉన్న ఇంట్లో వారి వాటా తగ్గించే ఒప్పందానికి కోర్టు అనుమతి కావాలని గుర్తుంచుకోండి.

సంఘం చేయాల్సిన పని

చివరిగా, మన సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. ఒకటి, ప్రతి గ్రామ కమిటీ వన్ బి జాబితా ముందు పెట్టుకుని, అందులో చనిపోయినవారి పేర్లు ఎన్ని ఉన్నాయో నెలలోగా రాయాలి. పేరుకు ఎదురుగా వారసులందరి పేర్లు, కూతుళ్లతో సహా, రాయాలి. రెండు, ఆ జాబితాలతో న్యాయ సేవల కమిటీని మన మండలానికి పిలిచి శిబిరం పెట్టించాలి. ఎమ్మార్వో ఆఫీసువారిని కూడా అదే రోజు కూర్చోబెట్టాలి. మూడు, చదువుకున్న మన పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఊరికొకరు న్యాయ సేవల వాలంటీరుగా చేరాలి. శిక్షణ వాళ్లే ఇస్తారు.

ఊళ్లో ఒక చావు జరిగితే మనం కట్టెలు మోస్తాం, బియ్యం పంపుతాం, పెద్దకర్మ దాకా ఆ ఇంటిని విడవం. ఇక మీద ఇంకొక్క పని చేర్చుకుందాం. నెల తిరిగాక ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, మరణ ధ్రువపత్రం వచ్చిందా, పిల్లల పేర్లు రాయించారా, తొంభై రోజుల్లో అర్జీ పెట్టారా అని అడుగుదాం. అడిగేవాడు ఉన్న ఇంటి భూమి మీద ఎవడూ అంత తేలిగ్గా చెయ్యి వేయలేడు.

సెలవు.